మూడు గళ్ళ ఫారం: అమెరికా యూనివర్సిటీ ఎంపికలో నూరేళ్ళ ముచ్చట

పోయిన నెల మా అక్క కూతురు ఫోను చేసింది. "మామా, ఆదివారం లోపల ఫారం ఇవ్వాల. అందులో మూడు గళ్ళున్నాయి. ఏ యూనివర్సిటీ ముందు రాయాల్నో నువ్వే చెప్పు" అనింది.

పిల్ల బెంగళూరులో సివిల్ ఇంజినీరింగు మూడో ఏడు చదువుతా ఉంది. వాళ్ళ కాలేజీకి అమెరికాలో కొన్ని యూనివర్సిటీలతో విద్యార్థుల మార్పిడి ఒప్పందం ఉంది. ఒక ఏడాది అక్కడ చదివి, ఆ మార్కులు ఇక్కడ కలుపుకోవచ్చు. డిగ్రీ మాత్రం ఇక్కడిదే. మూడు యూనివర్సిటీల పేర్లు ఇష్టం వచ్చిన వరసలో రాసియ్యాలి. పిల్ల రాసిపెట్టుకున్న వరస చూస్తే, ర్యాంకుల పట్టికను పైనుంచి కిందికి దించినట్టే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టరును. ఎవరేమి అడిగినా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాను. ఈసారి షీటు తెరిచి, పక్కన తాత ట్రంకుపెట్టె కూడా తెరిచినాను. ఈ బ్లాగులో ఎక్కించాలని ఏడాదిగా అనుకుంటున్న తాత ఉత్తరాలు అందులోనే ఉన్నాయి. అన్నీ 1966, 67లలో అమెరికా నుంచి వచ్చినవి. ఆ ఉత్తరాలు చదువుతూ, ఇంతకుముందు మనదేశం నుంచి పోయినవాళ్ళు యూనివర్సిటీని ఎట్లా ఎంచుకున్నారో వెతుక్కుంటూ నాలుగు రాత్రులు గడిపినాను. అప్పుడు తెలిసిన సంగతులే ఈ వ్యాసం. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

డబ్బు ఎంచుకున్న చోటు

మొదట నాకు అర్థమైంది ఏమంటే, చాలా కాలం విద్యార్థి యూనివర్సిటీని ఎంచుకున్నది తక్కువ. ఎవరి డబ్బో, ఎవరి మాటో, ఎవరి నియమమో ఎంచింది.

అంబేద్కర్ గారినే చూడండి. 1913లో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయినారు. పంపింది బరోడా మహారాజు మూడో శాయాజీరావు గాయక్వాడ్. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. దానికి బదులుగా తిరిగి వచ్చి పదేళ్ళు బరోడా సంస్థానంలో పని చేయాలని ఒప్పందం. స్కాలర్‌షిప్ అంటే ఊరికే వచ్చే డబ్బు కాదు, దాని వెనక ఒక తాడు ఉంటుంది. ఆ తాడు ఎంత పొడవో ముందే చూసుకోవాలన్నది నేను షీటులో వేసిన మొదటి గడి.

మన తెలుగువాళ్ళలో అంతకు ఏడాది ముందే, 1912లో, కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య గారు చదువు కోసం కాలిఫోర్నియా చేరినారు. బర్కిలీలో చదివేటప్పుడే గదర్ పార్టీలో కలిసినారు. ఆ తర్వాత ఆయన బతుకు చదువు దారి వదిలి జైలు దారి పట్టింది. ఆయన తన కథను 'నేనూ నా దేశం' అనే పుస్తకంగా రాసుకున్నారు. బర్కిలీ అప్పట్లో పసిఫిక్ దాటి వచ్చేవాళ్ళకు దగ్గరి గడప. ఓడ దిగిన రేవుకు దగ్గర ఏ యూనివర్సిటీ ఉంటే అదే మొదటి ఎంపిక, అంత సులువు లెక్క.

1923: ఒకే ఏడాదిలో నాలుగు సంగతులు

వెతుకుతా పోతే 1923 దగ్గర నేను ఆగిపోయినాను. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు సంగతులు జరిగినాయి. నాలుగూ మన మూడు గళ్ళ ఫారానికి చుట్టాలే.

మొదటిది జనవరిలో. బీహారు నుంచి పోయిన జయప్రకాశ్ నారాయణ్ బర్కిలీలో చదువు మొదలుపెట్టినారు. అంతకు కొన్ని నెలల ముందే ఓడ దిగి, తోటల్లో ద్రాక్షపండ్ల పని చేసి డబ్బు కూడబెట్టుకున్నారు. కొన్నాళ్ళకే అక్కడ ఫీజు రెండింతలయింది. కట్టలేక అయోవాకు మారినారు. అక్కడి నుంచి విస్కాన్సిన్, ఆ తర్వాత ఒహాయో స్టేట్. మొదలుపెట్టింది రసాయనశాస్త్రం, ముగించింది సమాజశాస్త్రం. మార్క్సిజం ఆయనకు తగులుకున్నది విస్కాన్సిన్‌లో. బర్కిలీలో ఫీజు పెరగకుండా ఉండి ఉంటే మన రాజకీయ చరిత్రలో ఒక అధ్యాయం వేరేగా ఉండేదేమో. ర్యాంకు చూసి కాదు, ఫీజు రసీదు చూసి మారిన యూనివర్సిటీలవి.

రెండోది ఫిబ్రవరిలో. భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: భారతీయులు అక్కడి పౌరులు కాలేరు. విద్యార్థిగా రావచ్చు, చదవచ్చు, పోవాలి. ఆ తలుపు కొంచెం తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి వంద మందికి. పూర్తిగా తెరిచింది 1965 చట్టం. కాబట్టి మొదటి తరాలవాళ్ళకు 'అక్కడ చదివితే అక్కడే ఉద్యోగం' అనే లెక్కే లేదు. ఈరోజు యూనివర్సిటీ ఎంపికలో అందరూ వేసే మొదటి లెక్క అదే.

మూడోది జూలైలో. ఇది ఎదురు దిక్కున జరిగింది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి ఎనిమిది మంది విద్యార్థులు ఓడెక్కి ఫ్రాన్సుకు పోయినారు. రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే ఫ్రెంచి అధ్యాపకుడి ఆలోచన అది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. పిల్లలు ఒకరి దేశం ఒకరు చూసుకుంటే మేలనుకున్నాడు. నాలుగేళ్ళ డిగ్రీలో మూడో ఏడు పరాయి దేశంలో చదవాలి, ఆ మార్కులు సొంత కాలేజీ ఒప్పుకోవాలి. ఆ ఎనిమిది మంది ముందు నాన్సీ పట్టణంలో భాష నేర్చుకుని, తర్వాత పారిస్ పోయినారు. డిగ్రీ ఇంటిది, ఏడాది బయటిది అనే ఏర్పాటు అక్కడి నుంచి వచ్చింది. మా పిల్ల చేతిలో ఉన్న ఫారం ఆ ఎనిమిది మందికి మునిమనవరాలు.

నాలుగోది అక్టోబరులో. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగినారు.

సుబ్బారావు గారి ఎంపిక

ఈయన కథ చాలామందికి తెలుసు, కానీ యూనివర్సిటీ ఎంపిక కోణంలో ఎవరూ చూసినట్టు లేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కున్నందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఆయన ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయినారు. ఆయన ఎంచుకున్నది హార్వర్డులోని ఉష్ణమండల వైద్య పాఠశాల. హార్వర్డు అనే పేరు కంటే 'ఉష్ణమండల వైద్యం' అనే మాట ఆయనకు ముఖ్యం. తన ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బును పట్టుకోవాలంటే ఎక్కడికి పోవాలి అన్నదే ఆయన ప్రశ్న.

డబ్బు కొంత మామగారిది, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం. అక్కడికి పోయినాక చాలలేదు. బోస్టన్‌లో పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి చదివినారు. డిప్లొమా అయినాక సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయనశాస్త్రంలో చేరినారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లో అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ పాఠాల్లో ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. మీద పని, తర్వాత 1940 నుంచి లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్ మందు. ఆ ఫోలిక్ ఆమ్లం స్ప్రూ జబ్బుకు పనికొచ్చే మందే. ఇంటి నుంచి తీసుకుపోయిన ప్రశ్నకు ఇరవై ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది.

ఈ కథకు ఇంకో పక్క ఉంది. ఆయన బయలుదేరేటప్పుడు భార్య శేషగిరి గారు కడుపుతో ఉన్నారు. మూడేళ్ళలో వస్తానని చెప్పి పోయినాడు. కొడుకు పుట్టి, ఏడాది నిండకుండానే పోయినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. ఆమె ఎదురుచూస్తూనే ఉండిపోయినారు. 1948 ఆగస్టులో ఆయన అక్కడే కన్నుమూసినారు, తిరిగి రాలేదు. యూనివర్సిటీని ఎంచుకున్నది ఒకరు, దాని ఖరీదు కట్టింది ఇంకొకరు. ఇది చదివినాక నేను షీటులో ఇంకో గడి చేర్చినాను: 'ఇంట్లో ఎవరు ఏమి కడతారు?'

ఒప్పందాల కాలం

స్వాతంత్ర్యం వచ్చినాక లెక్క మారింది. రాజులు, ధర్మసంస్థల చోట ప్రభుత్వాలు వచ్చినాయి. అమెరికా సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ 1946లో ఒక చట్టం తెచ్చినాడు. యుద్ధంలో మిగిలిపోయిన సామాను పరాయి దేశాల్లో అమ్మగా వచ్చిన డబ్బును విద్యార్థుల, అధ్యాపకుల మార్పిడికి వాడాలని. మన దేశం 1950 ఫిబ్రవరి 2న ఆ ఒప్పందంలో చేరింది. 2008లో ఖర్చులో మనమూ సమంగా పాలు పంచుకోవడం మొదలైనాక దాని పేరు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అయింది.

మన కుటుంబానికి దగ్గరైన ఒప్పందం వేరే. అది తెలియాలంటే 1862కు పోవాలి. ఆ ఏడాది లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం చేసినాడు. ప్రతి రాష్ట్రానికీ, కాంగ్రెసులో దానికి ఉన్న ఒక్కో సభ్యుడికి ముప్ఫై వేల ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమి. ఆ భూమి అమ్మిన డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీలు పెట్టాలి. వాటినే ల్యాండ్ గ్రాంట్ కాలేజీలంటారు. పాఠం, పరిశోధన, రైతు పొలానికి పోయి చెప్పడం, ఈ మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్నది వాటి పద్ధతి.

1950లలో, 60లలో మన దేశంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పెట్టేటప్పుడు ఈ పద్ధతినే తెచ్చుకున్నారు. అమెరికా ప్రభుత్వ సాయంతో ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీకి జత చేసినారు. పంత్‌నగర్‌కు ఇల్లినాయ్, పంజాబుకు ఒహాయో స్టేట్, ఒడిశాకు మిస్సోరి, మహారాష్ట్రకు పెన్ స్టేట్, ఆంధ్రప్రదేశ్‌కు కాన్సస్ స్టేట్, మన మైసూరు రాష్ట్రానికి టెనెసీ. హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, బెంగళూరు హెబ్బాళలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండూ 1964లోనే మొదలైనాయి. హైదరాబాదులో వ్యవసాయం చదివిన తెలుగువాడు కాన్సస్ పోయినాడు. కోలారు జిల్లా తెలుగువాడు టెనెసీ పోయినాడు. భువనేశ్వర్‌లో చదివినవాడు మిస్సోరి. ముగ్గురూ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళయినా, ఏ రాష్ట్రంలో రేషను కార్డు ఉంటే ఆ యూనివర్సిటీ! రాష్ట్రాల గీతలు మనల్ని ఎన్ని విధాలుగా పంచినాయో, ఇది కూడా అందులో ఒకటి.

తాత, నాక్స్‌విల్, కన్నడ అక్షరాలు

మా తాత హెబ్బాళలో మట్టి పరీక్షల విభాగంలో పనిచేసేవాడు. 1966లో తొమ్మిది నెలల శిక్షణకు ఆయన పేరు వచ్చింది. ఎక్కడికి అని ఎవరూ ఆయనను అడగలేదు. నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయం అని కాగితంలో రాసి ఉంది, అంతే. మూడు గళ్ళు లేవు, ఒక్క గడి కూడా లేదు.

అవ్వ ముళబాగిలు దగ్గరి మా ఊర్లోనే ఉండిపోయింది. ఆమె చదివింది నాలుగో తరగతి వరకు, అదీ కన్నడంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందుకని తాత ఉత్తరాలన్నీ తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లో రాసినాడు. సరిహద్దు ఊర్లలో ఉన్న మనవాళ్ళకు ఇది వింత కాదు. పెళ్ళి లెక్కలు, భజన పాటలు, చీటీ పుస్తకాలు అన్నీ ఇట్లనే రాసుకున్నాం. మొత్తం పద్నాలుగు నీలిరంగు విమానపు ఉత్తరాలు.

మొదటి ఉత్తరంలోనే రూపాయి సంగతి ఉంది. ఆయన పోయే ముందు, ఆ ఏడాది జూన్ 6న, ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఏడున్నర రూపాయలయింది. సొంతంగా చదువుకు పోయేవాళ్ళకు అది పిడుగు. అప్పట్లో విదేశీ డబ్బు మీద ఎంత కట్టుదిట్టమంటే, జేబులో ఎనిమిది డాలర్లతో విమానం ఎక్కినామని ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. తాతకు మాత్రం రోజు ఖర్చు డాలర్లలో వచ్చేది కాబట్టి, మిగిలించిన ప్రతి డాలరు ఇక్కడ ఎక్కువ రూపాయలయింది.

రెండో ఉత్తరంలో బస్సు. "మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చోవాల్నో తెలీక నిలబడే పోయినాను" అని రాసినాడు. ఆ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులను డిగ్రీ చదువులో చేర్చుకున్నది 1961 జనవరిలో. తాత పోయేటప్పటికి ఇంకా ఆరేళ్ళు కూడా నిండలేదు. అదే ఊర్లో టెనెసీ లోయ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. మన దామోదర్ లోయ కార్పొరేషన్‌కు నమూనా అదే. ఆనకట్టలు చూపించడానికి తీసుకుపోయినారని, నీళ్ళు చూస్తే ఊరి చెరువు గుర్తొచ్చిందని నాలుగో ఉత్తరంలో ఉంది. రాగిపిండి మూట కట్టుకుని పోయి గదిలో సంగటి కెలికితే, పక్కగది అబ్బాయి వాసన చూసి ఏమైనా కాలుతుందేమోనని తలుపు తట్టినాడట.

అవ్వ రాసిన జవాబులు మాకు దొరకలేదు. ఆమె కథ నోటి మాటగానే వచ్చింది. ఆ ఏడాది వానలు సరిగ్గా లేవు. బావిలో నీళ్ళు అడుగంటినాయి. బావిని ఇంకా లోతు తవ్వించడానికి ఆమె తన నాలుగు గాజులూ ముళబాగిలులో తాకట్టు పెట్టింది. ఆ సంగతి ఒక్క ఉత్తరంలో కూడా రాయలేదు. తాత తిరిగి వచ్చి, ఖాళీ చేతులు చూసి, రెండు రోజులు ఏమీ మాట్లాడలేదని మా అమ్మ చెప్పేది. తర్వాత ఆయన మిగిలించిన డాలర్లు మార్చిన డబ్బుతో మొదట చేసిన పని ఆ గాజులు విడిపించడం.

తాత ఏమి నేర్చుకుని వచ్చినాడు? మట్టిని పరీక్షించి రైతుకు ఎంత ఎరువు వేయాలో చీటీ మీద రాసి ఇవ్వడం. వచ్చినాక కొన్నేళ్ళు ఆయనను వేసింది జీతాల లెక్కలు చూసే బల్ల దగ్గర. ఆ బాధ చివరిదాకా ఉండేది. అయినా ఆదివారం ఊరికి వచ్చినప్పుడు చుట్టుపక్కల రైతుల మట్టి సంచుల్లో కట్టించుకుని బెంగళూరు తీసుకుపోయి పరీక్ష చేసి తెచ్చేవాడు. రాగిలో మంచి వంగడాలు మాత్రం టెనెసీ నుంచి రాలేదు. మండ్య పొలాల్లో లక్ష్మణయ్య గారు మన రాగిని ఆఫ్రికా రాగితో కలిపి తీసిన ఇండాఫ్ రకాలు వచ్చి మా జిల్లా కడుపు నింపినాయి. పరాయి దేశం నుంచి నేర్చుకోవలసింది ఏదో, ఇక్కడే వెతుక్కోవలసింది ఏదో తాతకు స్పష్టంగా తెలుసు. చివరి ఉత్తరంలో ఇట్లా రాసినాడు: "ఈ చోటు నేను కోరింది కాదు. ఇక్కడ ఏం నేర్చుకోవాల్నో మాత్రం నేనే కోరుకున్నాను."

ఇప్పటి లెక్క

ఇంక మన ఫారం దగ్గరికి వస్తాను. అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 2023-24లో 3,31,602 మంది. అందులో 1,96,567 మంది పై చదువుల వాళ్ళు, 97,556 మంది చదువు ముగించి పని శిక్షణలో ఉన్నవాళ్ళు, 36,053 మంది డిగ్రీ చదివేవాళ్ళు. డిగ్రీ తీసుకోకుండా కొంతకాలం చదివి వచ్చేవాళ్ళు 1,426 మందే. మార్పిడి విద్యార్థులు ఈ చివరి లెక్కలోకే వస్తారు. అందుకే మనకు ఎవరిని అడిగినా దొరికే సలహాలన్నీ ఎం.ఎస్. చదవబోయేవాళ్ళవి. అవి ఇక్కడ సరిపోవు. రిక్వైర్‌మెంటు వేరే, టెస్ట్ కేసులు వేరేవాటివి అయితే ఎట్లా?

పిల్లతో కూర్చుని నేను రాయించిన ప్రశ్నలు ఇవి.

ఒకటి, డిగ్రీ మీద ఏ పేరు ఉంటుంది? ఇక్కడి కాలేజీదే. అక్కడి పేరు ఒక మార్కుల పత్రం మీద మాత్రం ఉంటుంది. కాబట్టి పేరు కోసం డబ్బు పోయడంలో అర్థం తక్కువ.

రెండు, అక్కడ చదివే ఏ పాఠం ఇక్కడ ఏ పాఠానికి సమానం? ఇది నోటిమాటగా కాకుండా, పోయే ముందే మన కాలేజీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చినాక ఒక ఏడాది వృథా. డెలావేర్ ఎనిమిది మంది కాలం నుంచి ఈ ఏర్పాటుకు ఇదే మూలస్తంభం.

మూడు, ఫీజు. మామూలుగా మార్పిడిలో మన కాలేజీ ఫీజు మనం కట్టుకుంటే చాలు, అక్కడి ఫీజు ఉండదు. కానీ గది, తిండి, పుస్తకాలు, ఆరోగ్య బీమా మనవే. అక్కడే అసలు తేడా. పెద్ద నగరంలో గది బాడుగ, చిన్న ఊర్లో గది బాడుగ ఒకటి కాదు. రెండు యూనివర్సిటీల మధ్య ఫీజు తేడా సున్నా అయినా, ఏడాది ఖర్చులో తేడా లక్షల్లో రావచ్చు.

నాలుగు, వీసా. మార్పిడి విద్యార్థులకు ఎక్కువగా ఇచ్చేది జె-1 వీసా. 1961లో వచ్చిన ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం నుంచి పుట్టింది అది. డిగ్రీ చదివేవాళ్ళ ఎఫ్-1 వేరే. జె-1కు బీమా తప్పనిసరి. ఒక జబ్బుకు కనీసం లక్ష డాలర్ల వరకు ఖర్చు భరించేదై ఉండాలి. క్యాంపస్‌లో పని చేయాలంటే ముందు అనుమతి కావాలి, వారానికి 20 గంటలు మించకూడదు. కొందరు జె-1 వాళ్ళు తిరిగి వచ్చి రెండేళ్ళు స్వదేశంలో ఉండితీరాలన్న నియమం ఉంది. 2024 డిసెంబరులో మార్చిన నైపుణ్యాల జాబితా నుంచి మన దేశం పేరు తీసేసినారు కానీ, ప్రభుత్వ డబ్బుతో పోయేవాళ్ళకు ఆ నియమం అట్లనే ఉంది. అంబేద్కర్ గారి పదేళ్ళ తాడు ఇప్పుడు రెండేళ్ళు అయింది, అంతే.

అయిదు, సీట్లు. ఈ మార్పిడిలో అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి వస్తేనే ఇక్కడి నుంచి ఒకరు పోతారు. పేరున్న చోట్లకు పోటీ ఎక్కువ, సీట్లు తక్కువ. మూడు గళ్ళలోనూ అట్లాంటివే రాస్తే మూడూ పోవచ్చు.

ఆరు, నీ ప్రశ్న ఏది? సుబ్బారావు గారికి స్ప్రూ. తాతకు మట్టి. మరి నీకు?

ఈ ఆరో ప్రశ్నకు పిల్ల చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత "చెరువు" అనింది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్న కె.సి. వ్యాలీ పథకం మీకు తెలిసిందే. ఎండిన చెరువులు నిండినాయి, బోర్లలో నీళ్ళు పైకి వచ్చినాయి. ఆ నీళ్ళలో ఏమున్నాయి, ఎంత శుద్ధి చేస్తే చాలు అని ఊర్లలో వాదన ఇంకా నడుస్తానే ఉంది. మా ఊరి నీళ్ళను తానే పరీక్ష చేయాలన్నది దాని కోరిక. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంట.

పిల్ల రాసుకున్న మూడు పేర్ల పాఠ్యప్రణాళికలు తెరిచి చూసినాం. ర్యాంకులో మొదటిదానిలో ఆ ఏడాది నీటి శుద్ధి పాఠాలు మార్పిడి విద్యార్థులకు లేవు. మూడోది ఒక పాత ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీ, చిన్న ఊరు. అందులో రెండు నీటి పాఠాలు, ఒక ప్రయోగశాల, తక్కువ బాడుగ.

అక్క అంతవరకు వంటింట్లోనే ఉంది. ఖర్చు లెక్క విని, "గాజులు పెడితే అయిపోతుందిలే" అనింది. నేనేమీ మాట్లాడలేదు. తాత తొమ్మిదో ఉత్తరం తీసి పిల్ల చేతిలో పెట్టినాను. దానికి తెలుగు అక్షరాలు రావు, బడిలో నేర్చుకున్నది కన్నడమే. అయినా తాత రాత గడగడా చదివేసింది. అందులో తాత అవ్వను అడుగుతున్నాడు: బావిలో నీళ్ళు ఎంతున్నాయి, నిజం రాయి, నువ్వు ఏం దాచిపెడుతున్నావో నాకు తెలియడం లేదు అని. పిల్ల రెండుసార్లు చదివి, "అవ్వ ఏం రాసింది?" అని అడిగింది. అక్క గాజుల కథ చెప్పింది. అది దానికి ఆరోజు దాకా ఎవరూ చెప్పలేదు.

ఆదివారం ఫారం పోయింది. మొదటి గడిలో చిన్న ఊరి యూనివర్సిటీ, రెండో గడిలో పేరున్నది. మూడో గడిలో ఏం రాసిందో నాకు చూపించలేదు. ఖర్చుకు బ్యాంకు అప్పు కొంత, నేను కొంత అనుకున్నాం. గాజులు అక్క చేతికే ఉన్నాయి, ఇప్పటికి.

తాత ఉత్తరాలను తెలుగు లిపిలోకి మార్చి ఒక్కొక్కటిగా ఇక్కడ పెడతాను. టైపు చేయడానికి నాకు తోడు దొరికింది. పిల్ల చదువుతుంది, నేను కొడతాను. మన చుట్టాల ఇళ్ళలో ఇట్లాంటి కన్నడ అక్షరాల తెలుగు ఉత్తరాలు, ముఖ్యంగా ఆడవాళ్ళు రాసిన జవాబులు ఉంటే పారేయకండి. ఫోటో తీసి పంపండి. అవ్వ రాసిన జవాబు ఒక్కటైనా ఎక్కడో ఒక పెట్టెలో ఉంటుందని నాకు ఇంకా ఆశ ఉంది.